తాతకి పద్యం, మనవరాలికి డ్రాగన్: అభిరుచి నిజంగా తరంతోనే మారుతుందా?

కవిత్వం గురించి రెండు తరాలవాళ్లు మాట్లాడుకుంటుంటే వాదన ఎటు పోతుందో ముందే చెప్పేయొచ్చు. ‘ఒక్క పద్యమైనా నోటికి రాదు, వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి కవిత అంటారు’ అని పెద్దవాళ్లు. ‘అర్థం కాని మాటల్ని రాగం తీసి చదివితే కవిత్వమైపోతుందా’ అని చిన్నవాళ్లు. ఫాంటసీ నవల దగ్గరికొచ్చేసరికి వరస తిరగబడుతుంది. ఆరు వందల పేజీల పుస్తకాన్ని మ్యాపుతో సహా బుర్రకెక్కించుకునేది చిన్నవాళ్లు. ‘మంత్రాలు, డ్రాగన్లు చిన్నపిల్లల కథలు కదా’ అని పక్కన పెట్టేసేది పెద్దవాళ్లు.

చూడాల్సింది ఈ తిరగబడటాన్నే. కొత్తతరానికి ఓపిక లేకపోవడమే కారణమైతే, నాలుగు పాదాల పద్యానికి లేని ఓపిక ఆరు వందల పేజీలకి ఎక్కణ్ణుంచి వచ్చింది? వయసుతో ఊహాశక్తి ఎండిపోవడమే కారణమైతే, చందమామ సీరియళ్లు ఈనాటికీ పేర్లతో సహా చెప్పగలిగే డెబ్భై ఏళ్లవాళ్ల సంగతేంటి? రెండు జవాబులూ సగంలోనే ఆగిపోతున్నాయి.

వయసు, తరం, కాలం: కలిసిపోయిన మూడు కారణాలు

‘తరాల తేడా’ అని మనం ఒక్క మాటలో అనేసేదాంట్లో మూడు వేరు వేరు సంగతులు ఉంటాయి. సామాజిక శాస్త్రవేత్తలు వీటిని విడదీసి చూస్తారు.

వయసు ప్రభావం అంటే ఎప్పుడు పుట్టినా ఆ వయసుకి వచ్చేసరికి కలిగే మార్పు. ఇరవైల్లో ప్రేమ కవితలు నచ్చడం, అరవైల్లో తాత్త్వికమైనవి నచ్చడం లాంటిది. తరం ప్రభావం అంటే ఫలానా సంవత్సరాల్లో పెరిగినందువల్ల అంటుకుని, ఆ తర్వాత ఎంత వయసొచ్చినా వదలనిది. కాలం ప్రభావం అంటే ఒక సమయంలో అన్ని వయసులవాళ్లనీ కలిపి కదిపేది. స్మార్ట్‌ఫోన్ వచ్చాక తాతలు కూడా పొడుగాటి వ్యాసాలు చదవడం తగ్గించారంటే అది తరం తప్పు కాదు, కాలం చేసిన పని.

ఒక ఊహాజనితమైన లెక్క వేద్దాం. 2025లో 65 ఏళ్ల మనిషినీ 20 ఏళ్ల మనిషినీ అడిగాం. మొదటివారికి పద్యం ఇష్టం, రెండోవారికి చిట్టి కవిత ఇష్టం. పెద్దాయన పద్యంలో పెరిగారు కాబట్టి అనుకుంటే అది తరం. వయసు మీద పడితే ఎవరైనా పద్యం వైపు వెళ్తారు అనుకుంటే అది వయసు. ఒక్క 2025 సర్వేతో ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడం కుదరదు. పెద్దాయన 1960లో పుట్టారు. ఆయనకి 20 ఏళ్లున్న 1980లో ఏం ఇష్టపడేవారో తెలియాలి. అప్పుడూ పద్యమే అయితే తరం వాదన బలపడుతుంది. అప్పుడు ఆయన కూడా వచన కవితలే చదివి, పద్యం దగ్గరికి రిటైర్ అయ్యాక వచ్చారని తేలితే, ఇవాళ్టి ఇరవై ఏళ్ల పిల్ల కూడా రేపు అక్కడికే రావచ్చు.

ఇక్కడ తప్పించుకోలేని చిక్కు ఒకటుంది. పుట్టిన సంవత్సరానికి వయసు కలిపితే ప్రస్తుత సంవత్సరం వస్తుంది. రెండు తెలిస్తే మూడోది దానంతటదే ఖరారైపోతుంది. కాబట్టి గణాంకాలు ఎన్ని పోగేసినా, బయటి నుంచి ఇంకేదో సమాచారం తేకుండా మూడింటి వాటాలూ పూర్తిగా విడగొట్టడం సాధ్యం కాదు. ‘ఈ తరానికి కవిత్వం అక్కర్లేదు’ అన్న తీర్పులన్నీ ఈ చిక్కుని దాటేసి చెప్పినవే.

ఇప్పటి పెద్దవాళ్లు నిజంగా పద్యం తరమేనా?

ఈ లెక్కని తెలుగు కవిత్వానికి వేసి చూస్తే తమాషాగా ఉంటుంది. ఇవాళ ఎనభై ఏళ్లున్నవాళ్లు 1945 ప్రాంతంలో పుట్టారు. వాళ్లకి ఇరవై వచ్చేసరికి 1965. సంప్రదాయం మీద తిరగబడిన దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసిన సంవత్సరం అది. అంతకుముందే, 1958లో, కుందుర్తి ఆంజనేయులు ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థ పెట్టి వచన కవితని ఒక ఉద్యమంగా నడిపించడం మొదలుపెట్టారు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లోనే పుస్తకంగా వచ్చేసింది. అందులో కవితలు చాలావరకు 1930లలో రాసినవి.

అంటే పద్యానికీ వచన కవితకీ మధ్య అసలు యుద్ధం ఇవాళ్టి తాతలు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు, కొంత వాళ్లు పుట్టకముందు జరిగింది. ఆ యుద్ధంలో కుర్రాళ్లు ఎక్కువగా వచన కవిత వైపే నిలబడ్డారు. ‘పద్యాల తాత’ అన్న బొమ్మ నిజానికి ఆ తాతగారి తాతది. మనం దాన్ని రెండు తరాల కిందికి దించి తగిలించుకున్నాం.

మరి ఇప్పటి పెద్దవాళ్లలో చాలామందికి పద్యాలు నోటికి ఎలా వచ్చు? దీనికి అభిరుచి కంటే దారి ఎక్కువ కారణం. కవిత్వం వాళ్ల దగ్గరికి ఏ దారిన వచ్చిందన్నది చూడాలి.

పద్యం చెవి కోసం, వచన కవిత కంటి కోసం

పోతన గజేంద్రమోక్షంలో అందరికీ తెలిసిన పాదం ఒకటి తీసుకుందాం: ‘ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపలనుండు లీనమై’. ఇది ఉత్పలమాల. పాదానికి ఇరవై అక్షరాలు. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ యతి కుదరాలి. ఇక్కడ ‘ఎ’కి, ‘జగము ఎవ్వని’ కలిసిన చోట ఉన్న ‘ఎ’ జోడీ. రెండో అక్షరం ‘వ్వ’ నాలుగు పాదాల్లోనూ అదే చోట మళ్లీ వస్తుంది, అది ప్రాస.

ఈ నియమాలన్నీ పండితుల సరదా కోసం పెట్టినవని అనుకుంటాం గానీ, అవి చేసే పని చాలా మామూలుది. పాదం మధ్యలో ఒక ఊతం, పాదం మొదట్లో ఒక గుర్తు. ఒక పాదం మర్చిపోతే, రెండో అక్షరం ‘వ్వ’ రావాలి కదా అని జ్ఞాపకం వెతుక్కుంటుంది. పుస్తకం చేతిలో లేనివాళ్లకి ఇది పెద్ద సదుపాయం. అందుకే చదువు రానివాళ్ల నోట కూడా పద్యం నిలిచింది. పౌరాణిక నాటకాల్లో హార్మోనియం పక్కన నటుడు రాగం తీస్తే జనం వన్స్‌మోర్ కొట్టేవాళ్లు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలు అలానే ఊరూరా తిరిగాయి.

‘పద్యం పైకులాల సొత్తు, కొత్తతరం దాన్ని వదిలేయడం మంచిదే’ అనే వాదన కూడా ఒకటుంది. అందులో బలం ఉంది. ఛందస్సు, సంస్కృతం నేర్చుకునే అవకాశం అందరికీ సమానంగా దక్కలేదన్నది నిజం. కానీ దళిత కవి గుర్రం జాషువా ఈ వాదనలో ఇమడరు. ‘గబ్బిలం’లో కుల వివక్ష మీద ఆయన ఎత్తిన ఆయుధం పద్యమే. ఆయన శ్మశానవాటిక పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కలిసిపోయి, అవి ఎవరు రాశారో తెలియనివాళ్ల నోట కూడా పలికాయి. రూపం ఎవరిదన్న ప్రశ్నకి పుట్టుకతో ఒక జవాబు, వాడకంతో ఇంకో జవాబు వస్తాయి.

ఇప్పుడు ఇంకో రకం చూడండి. ఉదాహరణ కోసం నేనే రాసినవి:

అమ్మ ఫోన్ చేసింది
ఏమీ లేదంది
ఆ ఏమీ లేదులోనే
ఇల్లంతా ఉంది

దీన్ని ‘అమ్మ ఫోన్ చేసి ఏమీ లేదంది, ఆ ఏమీ లేదులోనే ఇల్లంతా ఉంది’ అని ఒకే వరసలో రాస్తే సగం చచ్చిపోతుంది. రెండో పాదం తర్వాత కన్ను ఒక్క క్షణం ఆగాలి. ‘ఏమీ లేదు’ అన్న జవాబు విని ఫోన్ పట్టుకుని ఊరుకున్న క్షణం అది. ఆ ఆగడాన్ని చెప్పేది పేజీ మీది ఖాళీ. అంటే ఇక్కడ యతి చేసే పనిని ఖాళీ జాగా చేస్తోంది. గొప్ప కవితేం కాదు గానీ, ఎలా పనిచేస్తుందో చూడ్డానికి సరిపోతుంది.

చెవికి అలవాటైనవాళ్లకి ఈ ఖాళీ వినిపించదు, అందుకే ‘ముక్కలు చేసిన వచనం’ అంటారు. కంటికి అలవాటైనవాళ్లకి పద్యం స్క్రీన్ మీద సంధులతో కుట్టేసిన అక్షరాల గోడలా కనిపిస్తుంది, ఎక్కడ విడగొట్టుకోవాలో తెలీదు. పైగా చాలామందికి పద్యం మొదట పరిచయమయ్యేది పరీక్షలో గురులఘువులు గుర్తించే ప్రశ్నగా. మార్కుల టెన్షన్‌తో కలిసి వచ్చినదాని మీద ప్రేమ పుట్టకపోతే ఆ తప్పు పిల్లలది కాదు.

ఈ రెంటి మధ్యా వంతెనలున్నాయి, అవే ఈ కథలో ఎక్కువ చెబుతాయి. శ్రీశ్రీ భాషనీ వస్తువునీ తలకిందులు చేశారు గానీ చెవిని వదల్లేదు. ‘మహాప్రస్థానం’లో చాలా గీతాలు మాత్రల లెక్కతో నడుస్తాయి, పైకి చదివితే అడుగులు వినిపిస్తాయి. అందుకే అవి పుస్తకం తెరవనివాళ్ల దాకా వెళ్లాయి. 1981లో వచ్చిన ‘ఆకలి రాజ్యం’ సినిమాలో హీరో వాటిని గట్టిగా చదువుతుంటే విని నేర్చుకున్నవాళ్లున్నారు. వాళ్లకి ఆ కవిత్వం అందింది చెవి దారినే.

ఫోన్ వచ్చాకే కవిత చిన్నదైందా?

చిట్టి కవితల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు, ఫోన్ తెర కవిత్వాన్ని కుదించేసిందని. ప్రపంచవ్యాప్తంగా దీనికి ముందు చూపించే పేరు కెనడా కవయిత్రి రూపీ కౌర్. 2014లో ‘మిల్క్ అండ్ హనీ’ అనే కవితల పుస్తకాన్ని సొంతంగా వేసుకున్నారు, తర్వాత అది లక్షల కాపీలు అమ్ముడైంది. ఇన్‌స్టాగ్రామ్ చదరంలో పట్టే నాలుగైదు పొట్టి పాదాలు, కింద చిన్న బొమ్మ. ఇదంతా తెర చేసిన మార్పేనని వాదన.

తెలుగులో తేదీలు చూస్తే ఈ వాదన అంత తిన్నగా నిలబడదు. ఎన్. గోపి ‘నానీలు’ 1990ల చివర్లోనే వచ్చాయి. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలు. అప్పటికి స్మార్ట్‌ఫోన్ లేదు, దినపత్రిక ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే వేమన ఆటవెలదులు ఎంత పొట్టివో చెప్పక్కర్లేదు. కాబట్టి తెర పొట్టి కవితని పుట్టించలేదు. అప్పటికే ఉన్న పొట్టి రూపాల్లోంచి, గబుక్కున అర్థమై పక్కవాళ్లకి పంపడానికి వీలైనవాటిని ఏరి పైకి తెచ్చింది. నష్టమంటూ ఉంటే అది ఈ ఏరికలోనే ఉంది. రెండోసారి చదివితే గానీ తెరుచుకోని కవిత ఆ పోటీలో వెనకబడుతుంది.

పెద్దల ఫిర్యాదులో కొట్టిపారేయలేనిది ఇంకోటుంది: కంఠస్థం. ఛందస్సు లేని కవితని గుర్తుపెట్టుకోవడం కష్టం, కవులే తమ కవితల్ని కాగితం చూసి చదువుతారు. మనసులో మోసుకు తిరిగే కవిత్వం తగ్గిందన్నది నిజమైన నష్టం. దీన్ని ‘మార్పు సహజం’ అని దాటేయడం నాకు నచ్చదు.

ఇరవైల్లో విన్నది ఎందుకు అంటుకుపోతుంది

మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ 1989లో ప్రచురించిన పరిశోధనలో రకరకాల వయసులవాళ్లకి వేర్వేరు కాలాల హిట్ పాటలు వినిపించారు. మనుషులు ఎక్కువ ఇష్టపడినవి తమకి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లున్నప్పుడు వచ్చిన పాటల్ని అని తేలింది. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయొన్స్ 1968లో చూపించింది ఇంకా సాదా సంగతి: ఒకదాన్ని మళ్లీ మళ్లీ చూస్తుంటే చాలు, ఇంకే కారణం లేకపోయినా దాని మీద ఇష్టం పెరుగుతుంది.

పాటలకి తేలినదాన్ని పుస్తకాలకి అలాగే అతికించడం మాత్రం తొందరపాటు. పాట మనం అడక్కపోయినా చెవిలో పడుతుంది. నవలని ఎవరో ఒకరు చేతికివ్వాలి, పైగా అది వారాల తరబడి సమయం అడుగుతుంది. అయినా నాటకం పద్యం, సినిమా కవిత, మైకులో పాట ఈ సిద్ధాంతానికి బాగానే లొంగుతాయి. పేజీ మీది కవిత అంతగా లొంగదు.

ఫాంటసీలో గొడవ మాయ గురించి కాదు, దాని షరతుల గురించి

ముందు ఫాంటసీ అంటే ఏమిటో సాదాగా చెప్పుకుందాం: మన లోకంలో జరగనివి జరిగే కథ, అవి జరగడం ఆ కథాలోకంలో అబద్ధం కాదు. ఈ నిర్వచనంతో చూస్తే ‘ఫాంటసీ పడమటి నుంచి దిగుమతి’ అన్న మాట తేలిపోతుంది. పదహారో శతాబ్దపు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమ్మీద నిజమై కూర్చుంటుంది. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’ పన్నెండు భాగాలు. చందమామ 1947 జూలైలో మొదలైంది. 1950ల నుంచి దాసరి సుబ్రహ్మణ్యం దాంట్లో ‘తోకచుక్క’ మొదలుకుని ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’ లాంటి సీరియళ్లు రాస్తూ పోయారు. ఆ పత్రికని దశాబ్దాలపాటు దిద్దింది వామపక్ష భావాల కొడవటిగంటి కుటుంబరావు కావడం ఒక విశేషం.

ఇప్పటి 65 ఏళ్లవాళ్లకి పదేళ్లప్పుడు 1970. చందమామ జోరుగా నడుస్తున్న రోజులు. కాబట్టి వాళ్లకి మాయాలోకం కొత్త కాదు. వాళ్లకి జరిగింది వేరు. పెద్దయ్యాక వాళ్ల ముందుకొచ్చిన నవలలు చాలావరకు సాంఘికాలు. మాంత్రికుడూ రాకుమారుడూ పిల్లల అరలో ఉండిపోయారు. దాంతో ఫాంటసీ అంటే దాటొచ్చేసిన వయసు అన్న ముద్ర పడింది. హ్యారీ పాటర్ నవలలు మాత్రం 1997 నుంచి 2007 దాకా పదేళ్లలో ఏడొచ్చాయి. ఆ కుర్రాడు పుస్తకం పుస్తకానికీ ఏడాది పెద్దవుతాడు, పాఠకులూ వాడితో పాటే పెరిగారు. వాళ్లని పిల్లల అరలోంచి బయటికి పొమ్మని ఎవరూ అనలేదు. రెండు తరాల తేడాకి నా దృష్టిలో అన్నిటికంటే గట్టి కారణం ఇదే.

రెండో తేడా ఓ చిన్న కథలో చూద్దాం. రాకుమారుడు గుహలోకి వెళ్తాడు. ముని ఒక ఉంగరం ఇస్తాడు, తొడుక్కుంటే కనిపించడు. జానపద కథలో అంతే. ఉంగరం మంచివాడికి దక్కింది, చాలు. ఇప్పటి ఫాంటసీ పాఠకురాలు వెంటనే అడుగుతుంది: ఎంతసేపు కనిపించడు? నీడ పడుతుందా? వాడినందుకు అతను ఏం పోగొట్టుకుంటాడు? అందరి దగ్గరా ఇలాంటివి ఉంటే ఆ రాజ్యంలో కాపలా ఎలా ఉంటుంది? అమెరికన్ రచయిత బ్రాండన్ శాండర్సన్ దీన్ని ఒక సూత్రంగా చెప్పారు: మాయతో కథలోని చిక్కు విప్పాలంటే, ఆ మాయ పాఠకుడికి ఎంత బాగా అర్థమైతే అంత మేరకే విప్పగలం.

ఇది విన్న పెద్దవాళ్లు ‘అద్భుతానికి లెక్కలేంటి’ అంటారు. వాళ్ల మాటకీ బలముంది. అన్నీ వివరించేస్తే విస్మయం పోతుంది, మాయ యంత్రంలా తయారవుతుంది. అటు చిన్నవాళ్ల మాటా కాదనలేం. షరతుల్లేని ఉంగరం ఉన్నవాడికి ప్రమాదం లేదు, ప్రమాదం లేని చోట ఉత్కంఠ ఉండదు. నిజానికి పాత కథలకీ షరతులున్నాయి, కాకపోతే అవి నీతి షరతులు: అహంకరిస్తే శక్తి పోతుంది, మాట తప్పితే శాపం తగులుతుంది. కొత్త కథల్లో షరతులు ఎక్కువగా భౌతికం: శక్తి ఖర్చవుతుంది, ఒళ్లు దెబ్బతింటుంది.

ఈ రెంటి మధ్యలో ఒక తరం ఉంది, దాన్ని మనం లెక్కలోంచి వదిలేస్తుంటాం. 1980లలో వీక్లీ సీరియళ్లు చదివినవాళ్లు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో క్షుద్రవిద్య, వైద్యం పక్కపక్కనే నడుస్తాయి, జరిగేదానికి ఏది కారణమో అని పాఠకుడు ఊగిసలాడతాడు. ఈ ఊగిసలాటే ఒక ప్రత్యేకమైన సాహిత్య రీతి అని సాహిత్య విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో సిద్ధాంతీకరించారు. ఆ తరానికి మాయ అంటే పూర్తిగా నమ్మేదీ కాదు, నియమాలు లెక్కపెట్టేదీ కాదు. అనుమానించి భయపడేది.

ఈ వివరణలకి లొంగనివి

సామాజిక శాస్త్రవేత్త కార్ల్ మాన్‌హైమ్ 1928లోనే ఒక హెచ్చరిక చేశారు: ఒకే ఏడాది పుట్టినంత మాత్రాన ఒకే తరం అయిపోరు. ఒకే సంఘటనల మధ్య పెరిగినవాళ్లు కూడా వాటికి ఎదురెదురు జవాబులిచ్చే గుంపులుగా విడిపోతారు. ఇవాళ ఇరవై ఏళ్ల వయసులో అవధానం చేసేవాళ్లూ ఉన్నారు, తెలుగు కవితే చదవనివాళ్లూ ఉన్నారు. వాళ్లిద్దరి మధ్య దూరం తాతా మనవళ్ల మధ్య దూరం కంటే ఎక్కువ.

పాత కాలం మెరుగ్గా కనిపించడానికి ఇంకో మామూలు కారణం వడపోత. వందేళ్ల కిందటి నాసిరకం పద్యాలు ఎవరికీ గుర్తులేవు. నిన్నటి నాసిరకం కవితలు మాత్రం ఇవాళ పొద్దున్నే ఫోన్‌లోకి వచ్చాయి. ఏరి పెట్టిన పాతని ఏరని కొత్తతో పోల్చితే ఫలితం ముందే ఖాయం.

అన్ని వయసులనీ ఒక్కసారి కదిపిన ఉదాహరణ కావాలంటే 2015, 2017లలో వచ్చిన ‘బాహుబలి’ సినిమాలు. పాత జానపద సినిమాలు గుర్తొచ్చి వెళ్లినవాళ్లు, కాలకేయుల కోసం కల్పించిన కిలికి భాష గురించి మాట్లాడుకున్నవాళ్లు ఒకే హాల్లో కూర్చున్నారు. అది తరం ప్రభావం కాదు, కాలం ప్రభావం. అందులో మంత్రాలు దాదాపు లేకపోవడం కూడా గమనించాలి. రాజ్యం, వంశం, ప్రతిజ్ఞ పాతవే. లోకాన్ని వివరంగా కట్టిన తీరు కొత్తది.

ఇక భాష సంగతి. తాత చదివిన చందమామ తెలుగు. మనవరాలు చదివే ఫాంటసీ చాలావరకు ఇంగ్లీషు. ఆమెకి తెలుగు కవిత్వం రుచించడం లేదంటే అది కవిత్వం మీద అయిష్టమా, తెలుగు చదవడం అలవాటు లేకపోవడమా? ఇంగ్లీషు కవితలు ఇష్టంగా చదివే అమ్మాయైతే మొదటిది కారణం కాదు. అలాగే ఇంగ్లీషు ఫాంటసీ చదవని తాతగారికి ఫాంటసీ నచ్చదని అనడానికీ ఆధారం లేదు. ఆయనకి ఆ పుస్తకాలు ఆయన భాషలో ఎవరూ ఇవ్వలేదు. డెబ్భై ఏళ్ల పాఠకుడి కోసం రాసిన ఆరు సంపుటాల ఫాంటసీ తెలుగులో ఆయన చేతికొస్తే తప్ప ఆ పోలిక పెట్టడానికే వీల్లేదు.